మాడ్‌ల మీద మోపిన నేరం

యుద్ధవిమాన సిమ్యులేటర్లను ఏళ్ల తరబడి నడుపుతున్నవారిలో ఒక అభిప్రాయం దాదాపు శాసనంలా స్థిరపడిపోయింది. సిమ్యులేటర్‌ను తయారీదారు ఇచ్చింది ఇచ్చినట్టే వాడాలనీ, బయటివారు చేసిన మార్పులు, అంటే మాడ్‌లు, దానిని పాడుచేస్తాయనీ, జాయ్‌స్టిక్ స్పందనను సర్దే కర్వ్‌లు పెట్టుకోవడం చేతకానితనానికి గుర్తనీ, ఎప్పుడు ఏ తేడా వచ్చినా మొత్తం చెరిపేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోవడమే మందనీ ఆ అభిప్రాయం చెబుతుంది. పైకి ఇవి వేరువేరు సలహాల్లా కనిపించినా అన్నిటికీ అడుగున ఉన్న నమ్మకం ఒక్కటే: మరొకరి చెయ్యి పడని శుద్ధ స్థితి ఒకటి సిమ్యులేటర్‌కు ఉంటుందని, వాస్తవికత అక్కడే ఉంటుందని. ఆ శుద్ధ స్థితి ఏ సిమ్యులేటర్‌లోనూ లేదు. పైలట్ చేతికీ తెరమీది విమానానికీ మధ్య ఎప్పుడూ ఎన్నో మార్పుల పొరలు ఉంటాయి. వాటిలో కొన్నిటికి లెక్క ఉంటుంది, కొన్నిటికి ఉండదు, చెడేవి చాలావరకు ఆ లెక్కలేనివాటి దగ్గరే చెడతాయి.

ఈ అభిప్రాయం ఊరికే పుట్టలేదన్నది ముందుగా ఒప్పుకోవాలి. ఓలెగ్ మాడాక్స్ నాయకత్వంలో రష్యాలో తయారై 2001లో వచ్చిన ఐఎల్-2 స్టుర్మోవిక్, 2006లో ‘1946’ పేరుతో ఒక్క సంకలనంగా వెలువడేనాటికి, రెండో ప్రపంచయుద్ధపు గాలిపోరాటానికి ప్రామాణికమైన వేదికగా నిలిచింది. దాని ఫైళ్ళకు తాళం వేసి ఉండేది కాబట్టి, ఆన్‌లైన్‌లో ఎదురుపడ్డ మెస్సర్‌ష్మిట్ కూడా అందరికీ ఉన్న లెక్కలతోనే ఎగురుతున్నదన్న భరోసా ప్రతి ఆటగాడికీ ఉండేది. 2007లో ఆ తాళం విడిపోయింది. ఇంజిన్ శక్తి పెంచుకున్నవాడో, తుపాకి గుండ్ల బరువు మార్చుకున్నవాడో సర్వర్‌లోకి వస్తే గుర్తించేదెలా అన్న భయం అప్పుడు మొదలై, ఆ సముదాయాన్ని మాడ్‌లు ఉన్నవారిగా, లేనివారిగా చీల్చింది. ఆ భయంలో న్యాయం ఉంది. అయితే ఆ చరిత్రను చెప్పేవారు రెండో సగం చెప్పరు: మాతృసంస్థ దృష్టి వేరే పనుల మీదికి మళ్ళిన తరువాత, ఆ సంస్థ అనుమతితో డైడలోస్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం పూనుకొని 2010లో 4.10 వంటి అధికారిక ప్యాచ్‌లను విడుదల చేసింది. బయటివారి చెయ్యి పడకపోతే ఆ సిమ్యులేటర్ అక్కడితో ఆగిపోయేది.

ఫాల్కన్ 4.0 చరిత్ర ఇంకా సూటిగా ఉంటుంది. మైక్రోప్రోస్ సంస్థ 1998 డిసెంబరులో విడుదల చేసిన ఈ ఎఫ్-16 సిమ్యులేటర్ లోపాలతోనే బయటికి వచ్చింది. ఏడాది గడిచేసరికి దాని అభివృద్ధి నిలిచిపోయింది. 2000లో దాని మూలసంకేతం, అంటే ప్రోగ్రామర్లు రాసుకున్న అసలు రాత, బయటికి పొక్కింది. చట్టం దృష్టిలో అది మచ్చలేని పుట్టుకేమీ కాదు. కానీ ఆ పొక్కిన రాత మీద ఏళ్ల తరబడి సాగిన శ్రమలోంచే ఫాల్కన్ బీఎంఎస్ వచ్చింది, నేటికీ ఎఫ్-16 మీద మోజున్నవారు గురుస్థానంలో నిలబెట్టేది దాన్నే. తయారీదారు ఇచ్చింది ఇచ్చినట్టే ఉండాలన్న సూత్రాన్ని ఫాల్కన్‌కు వర్తింపజేస్తే మిగిలేది 1998 నాటి లోపభూయిష్టమైన డిస్కు మాత్రమే. ఈ సూత్రాన్ని గట్టిగా వల్లించేవారిలో బీఎంఎస్ అభిమానులు కూడా ఉండటం ఆశ్చర్యమే.

వాదన ముందుకు సాగాలంటే ‘మాడ్’ అన్న ఒక్క మాట కింద కలగలిపేసిన రెండు వేరు పనులను విడదీయాలి. ఈగిల్ డైనమిక్స్ సంస్థ తయారుచేసే డీసీఎస్ వరల్డ్‌నే తీసుకుంటే, ప్రోగ్రామ్ ఉండే ఫోల్డరు ఒకటి, వాడేవాడి సొంత వస్తువులు ఉండే ‘సేవ్డ్ గేమ్స్’ ఫోల్డరు మరొకటి. మొదటిదానిలోని అసలు ఫైలును తీసి వేరేదాన్ని అక్కడ పెట్టడం ఒక పని. రెండోదానిలో కొత్త ఫైలును చేర్చడం మరో పని. సముదాయం ఉచితంగా తయారుచేసిన ఏ-4 స్కైహాక్ విమానం ఈ రెండో రకానిది: దాని ఫోల్డరును సేవ్డ్ గేమ్స్‌లోని ‘మాడ్స్’ కింద ఉంచితే చాలు, అసలు ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరమూ మారదు, తీసెయ్యాలంటే ఆ ఫోల్డరు చెరిపితే సరి. భారత వాయుసేనకు వెన్నెముక వంటి సుఖోయ్-30 ఎంకేఐ డీసీఎస్‌లో ఆటగాడు నడిపే అధికారిక విమానంగా లేదు కాబట్టి, దానిని నడపాలనుకునే మనవాళ్ళకు ఉన్న దారి కూడా ఈ రెండో రకం మాడే. ఇక మోసం సంగతికి వస్తే, సర్వర్ నిర్వాహకుడి చేతిలో దానికి ముందే ఒక సాధనం ఉంది: చేరబోయేవాడి ఫైళ్ళు అసలువాటితో సరిపోతున్నాయా అని చూసే సమగ్రతా పరీక్షను ఆకృతులకు, పైపూతలకు, స్క్రిప్టులకు విడివిడిగా విధించవచ్చు. కాక్‌పిట్ అద్దం మీది మెరుపులను చెరిపేసే పూత వల్ల శత్రువు ముందే కనిపిస్తాడు కాబట్టి దానిని అడ్డుకోవడం సబబే. కానీ ఆ పరీక్షలో నెగ్గిన మాడ్‌ను కూడా ‘కల్తీ’ అనడంలో న్యాయం కంటే మడి ఎక్కువ కనిపిస్తుంది.

మాడ్‌ల కంటే లోతైన పొరపాటు కంట్రోళ్ళ విషయంలో ఉంది. డిఫాల్ట్ అమరిక, అంటే సిమ్యులేటర్ తనంతట తాను పెట్టే అమరిక, విమానానికి అత్యంత దగ్గరగా ఉంటుందని శుద్ధవాదులు అనుకుంటారు. డీసీఎస్ అసలు ఏం చేస్తుందో చూడాలి. కంప్యూటర్‌కు కొత్త పరికరం ఏది తగిలించినా, దాని మొదటి రెండు అక్షాలను, అంటే ఎక్స్, వై కదలికలను, విమానం ఒరగడానికీ ముక్కు ఎత్తి దించడానికీ అది కట్టేస్తుంది. ఇలా ఒక కదలికను ఒక పనికి కట్టడాన్నే బైండింగ్ అంటారు. చాలా రకాల రడ్డర్ పెడళ్ళలో ఎక్స్, వై అక్షాలు కాలివేళ్ళతో నొక్కే రెండు బ్రేకులవి. ఫలితంగా, కొత్త పెడళ్ళు కొని తగిలించినవాడు రన్‌వే మీద ఒక బ్రేకు తొక్కితే విమానాన్ని ఒరిగించే ఐలరాన్లు కదులుతాయి, రెండోది తొక్కితే ముక్కును ఎత్తి దించే ఎలివేటర్ కదులుతుంది. హోటాస్ వార్తాగ్ వంటి థ్రాటిల్ మీద రాడార్ గురిని కదిపేందుకు బొటనవేలంత పుల్ల ఒకటి ఉంటుంది. బైండింగులు ముందే సిద్ధం చేసి ఇవ్వని విమానాల్లో దానికీ అదే గతి పడుతుంది. గాల్లో ఉన్నట్టుండి విమానం ఒక పక్కకు లాగుతున్నదని, ప్యాచ్ తరువాత భౌతిక నమూనా చెడిందని వచ్చే ఫిర్యాదులలో ఈ జంట బైండింగుల బాపతు తక్కువేమీ కాదు. అసలు విమానంలో బ్రేకు ఐలరాన్‌ను కదపదు. ఆ అనవసర బైండింగులను ఒక్కొక్కటే చెరిపినప్పుడే సిమ్యులేటర్ విమానానికి దగ్గరవుతుంది. ఇక్కడ వాస్తవికత డిఫాల్ట్‌ను వదిలిన తరువాతే మొదలవుతుంది.

కర్వ్‌ల మీద జరిగే వాదం మరింత పట్టుదలతో సాగుతుంది. కర్వ్ అంటే చేతి కదలికకూ విమానానికి అందే ఆదేశానికీ మధ్య సంబంధాన్ని తెలిపే గీత. అది తిన్నగా ఉంటే చెయ్యి సగం కదిలినప్పుడు ఆదేశమూ సగం అందుతుంది; దానిని వంచితే మధ్యలో స్పందన మందగిస్తుంది, అంచుల దగ్గర పదునెక్కుతుంది. అసలు విమానంలో కర్ర తిన్నగానే పనిచేస్తుంది కాబట్టి గీత తిన్నగానే ఉండాలని శుద్ధవాదుల తీర్పు. ఈ తీర్పు కర్ర పొడవును మరచిపోతుంది. ఫైటర్ కాక్‌పిట్ నేల నుంచి పైకి వచ్చే కర్ర 60 సెంటీమీటర్లు ఉందని, బల్లమీది జాయ్‌స్టిక్ 20 సెంటీమీటర్లు ఉందని, రెండూ ఇటు 20 డిగ్రీలు అటు 20 డిగ్రీలు వాలతాయని అనుకుంటే, మొదటిదాని కొస సుమారు 41 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది, రెండోదాని కొస 14 సెంటీమీటర్లలోపే ఆగిపోతుంది. అంటే చెయ్యి ఒక్క సెంటీమీటరు కదిలితే బల్లమీద మూడు రెట్ల ఆదేశం వెళుతుంది. రెండో ప్రపంచయుద్ధకాలంలో అమెరికా పరిశోధన సంస్థ ఎన్ఏసీఏ స్పిట్‌ఫైర్‌ను పరీక్షించి, దాని ఎలివేటర్ ఎంత సున్నితమంటే అంగుళానికి లోపు కదలికతోనే విమానం గాలిపట్టు కోల్పోయే స్టాల్ అంచుకు చేరుతుందని గమనించింది. ఆ అంగుళం లోపు కదలికను పైలెక్క ప్రకారం బల్లమీదికి దించితే నిండా ఒక సెంటీమీటరు కూడా మిగలదు. తిన్న గీతతో అంత సన్నని కదలికను అదుపు చేయలేక ముక్కు పైకీ కిందికీ ఎగరేస్తున్నవాడిని చూసి ‘స్పిట్‌ఫైర్ అంటే అంతే మరి’ అనడం, పరికరం పొట్టితనాన్ని విమానానికి అంటగట్టడమే.

దీని అర్థం కర్వ్ ఖర్చులేని వరమని కాదు. గీతకు రెండు కొసలూ కట్టేసి ఉంటాయి: సున్నా దగ్గర సున్నా, నూటి దగ్గర నూరు. మధ్యలో వాలు తగ్గిస్తే మరెక్కడో అది పెరిగితీరుతుంది. కాబట్టి తుపాకి గురి పెట్టేటప్పుడు దొరికిన నిలకడకు మూల్యం బిగువైన మలుపులో, సరిగ్గా స్టాల్ అంచున, చెల్లించాల్సి వస్తుంది. అది వద్దనుకుంటే గరిష్ఠ ఆదేశాన్నే కుదించే శాచురేషన్ అనే మరో అమరిక ఉంది, కానీ అప్పుడు పూర్తి ఎలివేటర్ ఎప్పటికీ అందదు. కర్ర అడుగున పొడిగింపు కడ్డీ బిగించి జాయ్‌స్టిక్‌ను నేలమీద నిలిపినవారికి తిన్న గీతే సరైనది, ఎందుకంటే వారు పొడవు సమస్యను ఇనుముతోనే తీర్చుకున్నారు. శుద్ధవాదులలో అనుభవజ్ఞులైనవారు చాలాసార్లు ఇటువంటి పరికరాలున్నవారే అయి ఉండి, తమకు సరిపడిన అమరికను బల్లమీది బుల్లి జాయ్‌స్టిక్ వాడే కుర్రవాడికి ధర్మసూత్రంగా బోధిస్తారు.

ఎఫ్-16 దగ్గరికి వచ్చేసరికి తిన్న గీత అన్న మాటకే అర్థం పోతుంది. ఆ విమానపు పక్క కర్ర కదలికను కాదు, పైలట్ చేతి ఒత్తిడిని కొలుస్తుంది; తొలినాళ్లలో అది అసలు కదిలేదే కాదు, పైలట్ల అసౌకర్యం చూసి తరువాత కొద్ది మిల్లీమీటర్ల కదలిక ఇచ్చారు. స్ప్రింగు మీద ఊగే జాయ్‌స్టిక్‌తో దానిని అనుకరించినప్పుడు కదలికను ఒత్తిడిగా మార్చే ఏదో ఒక గీత ఉండక తప్పదు, ఆ గీత తిన్నగానే ఉండాలని ప్రకృతిలో ఎక్కడా రాసిపెట్టి లేదు. పైగా వైర్ల ద్వారా ఆదేశాలు పంపే ఇటువంటి విమానాల కంప్యూటర్లే కర్ర మధ్యలో స్పందించని చిన్న మేరనూ, ఆ తరువాత మారుతూ పోయే వాలునూ అమర్చుకొని ఉంటాయి. కర్వ్ వాస్తవికతకు విరుద్ధమన్నవారు విమానం లోపలే ఉన్న కర్వ్‌ను చూడనట్టున్నారు.

ట్రిమ్ సంగతి కూడా ఇటువంటిదే. చేతిమీద బరువు పడకుండా విమానాన్ని ఒక వాలులో నిలిపి ఉంచే ఏర్పాటు ట్రిమ్. హెలికాప్టర్‌లో ఆ మీట నొక్కితే కర్ర ఉన్నచోటే నిలిచిపోతుంది. ఇంట్లోని జాయ్‌స్టిక్‌కు ఆ శక్తి లేదు, వదలగానే స్ప్రింగు దానిని మధ్యకు లాగేస్తుంది. ట్రిమ్ నొక్కాక కర్రను మధ్యకు తేవడంలో క్షణం ఆలస్యమైతే పాత ఆదేశానికి కొత్తది తోడై హెలికాప్టర్ రెట్టింపు వాలిపోతుంది. అందుకే కా-50, ఎంఐ-8 వంటివాటికి డీసీఎస్ తయారీదారులే ఒక ప్రత్యేక అమరిక ఇచ్చారు: దానిని ఎంచుకుంటే ట్రిమ్ నొక్కిన తరువాత జాయ్‌స్టిక్ మధ్యకు చేరేదాకా సిమ్యులేటర్ దాని మాట వినదు. నిజమైన హెలికాప్టర్‌లో ఇటువంటి చెవిటితనం లేదు. అయినా స్ప్రింగు జాయ్‌స్టిక్ వాడేవాడిని నిజానికి దగ్గర చేసేది ఆ అబద్ధమే, దానిని పెట్టింది తయారీదారే.

ఇక మిగిలింది మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడమనే సర్వరోగనివారిణి. మాడ్ వేశాక సిమ్యులేటర్ మొరాయిస్తే వంద గిగాబైట్లకు మించిన సరుకునంతా చెరిపి, రాత్రంతా దింపుకొని, మళ్ళీ వేయమని చెప్పే సలహా ఎంత ఎక్కువగా వినిపిస్తుందో అంత తక్కువగా పనిచేస్తుంది. కారణం పైన చెప్పిన రెండు ఫోల్డర్లలోనే ఉంది. ప్రోగ్రామ్‌ను తొలగించినా సేవ్డ్ గేమ్స్ ఫోల్డరు చెక్కుచెదరదు. చెడిన స్క్రిప్టు, సరిపడని మాడ్, తప్పుడు బైండింగు అన్నీ అక్కడే ఉండి కొత్త ఇన్‌స్టలేషన్‌కు స్వాగతం పలుకుతాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమన్న సామెత ఇక్కడ ఇంకో మెట్టు ఎక్కుతుంది, ఇల్లు కాలిపోతుంది గాని ఎలుక పక్కింట్లో క్షేమంగా ఉంటుంది. నిజానికి ఆ ఫోల్డరు పేరు తాత్కాలికంగా మార్చి సిమ్యులేటర్‌ను తెరిస్తే, అది కొత్త ఖాళీ ఫోల్డరును తానే సృష్టించుకుంటుంది. లోపం పోతే దోషం పాత ఫోల్డరులో ఉన్నట్టు, పోకపోతే ప్రోగ్రామ్‌లో ఉన్నట్టు కొద్ది నిమిషాల్లోనే తేలిపోతుంది. దోషం ప్రోగ్రామ్‌లోనే ఉన్నా, తేడాపడిన ఫైళ్ళను మాత్రమే వెతికి సరిచేసే రిపేరు ఆదేశం ఉండనే ఉంది. పదహారు మాడ్‌లలో దొంగ ఎవరో తెలియకపోతే సగం తీసి చూడటం, మళ్ళీ దానిలో సగం తీసి చూడటం చొప్పున నాలుగు పరీక్షల్లో పట్టుకోవచ్చు.

‘అప్‌డేట్ నా కంట్రోళ్ళన్నీ చెరిపేసింది’ అన్న ప్రసిద్ధమైన మొర కూడా తరచు ఇలాగే తేలిపోతుంది. డీసీఎస్ ఒక్కో విమానానికీ ఒక్కో పరికరానికీ విడిగా ఒక చిన్న ఫైలు రాసుకుంటుంది. డిఫాల్ట్ నుంచి వాడేవాడు మార్చినవాటిని మాత్రమే, ఏ బైండింగు చేర్చాడో, ఏది తీసేశాడో, ముక్కును ఎత్తి దించే పిచ్ అక్షానికి ఎంత వంపు ఇచ్చాడో, మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో చదువుకోగలిగే రాతలో అందులో దాస్తుంది. ఆ ఫైలు పేరులో పరికరం పేరు తరువాత మీసాల కుండలీకరణాల్లో ఒక పొడవాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది, దానిని కేటాయించేది విండోస్. విండోస్ మళ్ళీ వేసినప్పుడు, కొన్నిసార్లు యూఎస్‌బీ పోర్టు మార్చినా సరే, ఆ సంఖ్య మారిపోతుంది. అప్పుడు సిమ్యులేటర్ కొత్త సంఖ్య పేరుతో ఫైలు కోసం వెతికి, దొరకక, డిఫాల్ట్‌కు దిగుతుంది. పాత ఫైలు ఎక్కడికీ పోదు, పక్కనే ఉంటుంది. కంట్రోళ్ళ తెరలో ఆ పాత ఫైలును లోడ్ చేయమంటే శ్రమంతా తిరిగివస్తుంది. ఈ సంగతి తెలియక ఎంతోమంది ఒక్కో విమానానికి పదుల కొద్దీ మీటలను మొదటినుంచీ కట్టుకుంటూ సాయంత్రాలను ధారపోస్తున్నారు.

మాడ్ మేనేజర్ల మీద వేసే నింద ఇంతకంటే ఆసక్తికరమైనది. జేఎస్‌జీఎంఈ, దాని తరువాతి ఓవీజీఎంఈ వంటి పనిముట్లు చేసే పని సులభం: ఒక మాడ్‌ను ఆన్ చేసినప్పుడు, అది తొలగించబోయే అసలు ఫైలు నకలును భద్రపరుస్తాయి, ఆఫ్ చేసినప్పుడు ఆ నకలును తిరిగి పెడతాయి. మాడ్ ఆన్‌లో ఉండగా సిమ్యులేటర్ అప్‌డేట్ అయిందనుకుంటే, మాడ్ ఉన్నచోటికి కొత్త అసలు ఫైలు వస్తుంది, మేనేజర్ దగ్గర మాత్రం నెలనాటి పాత నకలు ఉంటుంది. తరువాత ఎప్పుడో మాడ్‌ను ఆఫ్ చేయగానే ఆ పాత నకలు కొత్త ఫైలును తొక్కేస్తుంది, సిమ్యులేటర్ కుప్పకూలుతుంది, ఆ సమయానికి మాడ్ లేదు కాబట్టి ‘మాడ్ తీసేసినా దాని విషం పోలేదు’ అన్న ప్రచారం మొదలవుతుంది. అప్‌డేట్‌కు ముందు మాడ్‌లన్నీ ఆఫ్ చేసి, అది ముగిశాక మళ్ళీ ఆన్ చేయడమే దీనికి మందు. అలాగే పోరు మొత్తాన్ని రికార్డు చేసే టాక్‌వ్యూ, ఆటగాళ్ళ రేడియో సంభాషణకు వాడే ఎస్ఆర్ఎస్, ఇంట్లో కట్టుకున్న కాక్‌పిట్ మీటలను కలిపే డీసీఎస్-బయోస్ వంటివి ఎక్స్‌పోర్ట్ అనే ఒకే స్క్రిప్టు ఫైలులో తలా ఒక వాక్యం రాసుకొని బతుకుతాయి; వేరే మాడ్‌తో వచ్చిన అదే పేరు ఫైలును చూసుకోకుండా దానిమీద అతికించినవాడికి రేడియో మూగబోతుంది, రికార్డింగు ఆగిపోతుంది. ఒక్క వాక్యాన్ని తిరిగి చేర్చితే తీరిపోయే పని ఇది.

వాస్తవికత పేరు చెప్పి ఇదంతా యంత్రాంగపు చాకిరీ అని తోసిపుచ్చేవారికి అసలు వైమానిక దళాల రివాజు గుర్తుచేయాలి. బ్రిటిష్ వాయుసేనలోనూ, దాని సంప్రదాయాన్ని అందుకున్న భారత వాయుసేనలోనూ ప్రతి విమానానికీ ఫారం 700 అనే పుస్తకం ఉంటుంది. చేసిన మరమ్మతు, వాయిదా వేసిన లోపం అందులోకి ఎక్కుతాయి. పైలట్ దానిని చదివి సంతకం చేశాకే కాక్‌పిట్ ఎక్కుతాడు. ఒకే స్క్వాడ్రన్‌లో ఏ రెండు విమానాలూ అచ్చంగా ఒకేలా ఉండవని, తేడాలన్నీ కాగితం మీద ఉన్నంతకాలం దానివల్ల ముప్పు లేదని ఆ సంప్రదాయానికి తెలుసు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచిన విమానం అనే ఆదర్శం అక్కడ ఎవరికీ లేదు.

చివరిగా వినిపించే అభ్యంతరం తీరికకు సంబంధించినది: రోజంతా ఉద్యోగం చేసి వచ్చినవాడు రాత్రి గంటసేపు ఎగరాలనుకుంటాడు గాని ఫైళ్ళ లెక్కలు రాస్తూ కూర్చోడు అని. ఇది పై వాదాలన్నిటికంటే నిజాయితీ ఉన్న మాట, కానీ తీరిక లేనివాడికే ఆ లెక్క ఎక్కువ అవసరం. కంట్రోళ్ళ ఫైళ్ళన్నీ ఉండే ‘ఇన్‌పుట్’ ఫోల్డరు మొత్తం కలిపినా ఒక్క ఫొటో కంటే పెద్ద బరువేమీ ఉండదు. అప్‌డేట్‌కు ముందు దానిని తేదీ పేరుతో మరోచోట నకలు చేసి, ఆ వారం ఏ మాడ్ చేర్చిందీ ఏ అక్షం వంపు మార్చిందీ పక్కనే రెండు వాక్యాలు రాసుకోవడానికి పట్టే సమయం, ఇంజిన్ స్టార్టయ్యాక ఎఫ్-16 దిశాసూచక వ్యవస్థ సర్దుకునేదాకా విమానం నిలిపిన చోటే ఎదురుచూసే సమయం కంటే తక్కువ.